నలభై నాలుగు వట్టి గళ్లు

బస్సు దిగి క్వార్టర్ దాకా నడిచే ఆ కొంచెం దూరమే రోజు మొత్తంలో రేవతికి సొంతమైన సమయం. అందుకే ఎంత అలసిపోయినా ఆటో ఎక్కదు. మంచిర్యాలలో ఒక ప్రైవేటు బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెప్పి, గొంతు ఎండబెట్టుకుని, దిద్దాల్సిన పేపర్ల కట్ట సంచిలో వేసుకుని వస్తుంది. ఇల్లు చేరగానే కుక్కర్ పెట్టాలి. కుక్కర్ కూత పెట్టేలోగా కాళ్లూ చేతులూ కడుక్కుని అత్త మంచం పక్కన పీట వేసుకుని కూర్చోవాలి. కూర్చుని రాయాలి. శ్రీరామ, శ్రీరామ, శ్రీరామ. పెళ్లయిన కొత్తల్లో అత్తకు సాయంగా ఒక్క పేజీ రాసిన పాపానికి ఇప్పుడు మొత్తం ఆమె మెడకే చుట్టుకుంది.

అది రామకోటి. గళ్లుగళ్లుగా అచ్చువేసిన పుస్తకం, పేజీకి నూట ఎనిమిది గళ్లు, గడికొక నామం. అట్లా కోటి నామాలు రాసి కొండగట్టు అంజన్న గుడిలో పెడతానని రేవతి అత్త సమ్మవ్వ ఎప్పుడో, కొడుకు సన్నీ, ఇప్పటి రేవతి భర్త, ఇంకా పాలు తాగే రోజుల్లో మొక్కుకుంది. ఆమె భర్త బుచ్చిరాములు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఒకనాడు బండ కూలి లోపలే ఉండిపోయాడు. బాయి దగ్గర ఆడవాళ్లంతా నెత్తీనోరూ కొట్టుకుంటుంటే సమ్మవ్వ ఒక్కతీ చేతులు జోడించి, కోటి రాస్తాను, మనిషిని పైకి పంపమని అడిగింది. మనిషి వచ్చాడు. ఒంటి మీద గీత కూడా పడకుండా వచ్చాడు. అప్పటికి సమ్మవ్వకు అక్షరం ముక్క రాదు. కోటి అంటే ఎంతో కూడా తెలియదు. బుచ్చిరాములే కూర్చోబెట్టి ఆ మూడక్షరాలూ నేర్పాడు. అవి తప్ప ఈ రోజుకీ ఆమెకు ఇంకేమీ రాయరాదు. బ్యాంకుకు పోతే వేలిముద్రే.

బుచ్చిరాములు ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. ఉద్యోగం చేశాడు, కొడుకు పెళ్లి చేశాడు, చివరికి ఊపిరితిత్తులు పాడై మంచం మీదే పోయాడు. ఇచ్చిన మనిషిని దేవుడు తిరిగి తీసుకున్నాడు గానీ మొక్కును మాత్రం ఇక్కడే ఉంచాడు. కర్మ అయిన మర్నాడే సమ్మవ్వ మళ్లీ పుస్తకం ముందు కూర్చుంది. మనిషే లేనప్పుడు ఇంకెందుకని రేవతి ఒకసారి అడగబోయి, ఆమె మొహం చూసి నోరు మూసుకుంది.

ఆ తర్వాత సమ్మవ్వ కండ్లకు కష్టం వచ్చింది. కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంటికి వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనదు. అప్పటినుంచి రాయడం రేవతిది, పక్కన కూర్చుని ఒక్కో నామం పలకడం సమ్మవ్వది. ఆమె పలికితేనే ఈమె రాయాలి. దాంతోపాటు ఇంకో నియమం ఉంది. పేజీ నిండకుండా లేవకూడదు. గడి వట్టిగా ఉంటే ఇంట్లో దీపం పెట్టని గూడు ఉన్నట్టని, మొదటి పుస్తకం తెచ్చిచ్చిన పక్క క్వార్టర్ పోశవ్వ చెప్పిందట. పోశవ్వ ఏనాడో పోయింది, ఆమె మాట మాత్రం రాజ్యాంగంలా మిగిలింది. జ్వరమొచ్చినా, కుక్కర్ మాడినా, పరీక్ష పేపర్లు నెత్తిమీద ఉన్నా, నూట ఎనిమిదో గడి నిండాకే రేవతి నడుము ఎత్తింది.

ఆ ఎడమ కంటికి ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందని కరీంనగర్ డాక్టరమ్మ చెప్పి చాలా కాలమైంది. తేదీ ఇచ్చినప్పుడల్లా, కోటి పూర్తయ్యేదాకా కదలనని సమ్మవ్వ మంచం పట్టె పట్టుకుని కూర్చుంది.

"కోటి ఒడ్వక ముందు కంటికి కత్తి వెట్టనియ్య. ఆ బల్ల మీదనే పానం పోతే నా మొక్కు ఎవ్వలు తీరుస్తరు? నువ్వు తీరుస్తవా?" అంది కొడుకుతో. బాయిలో షిఫ్టు చేసి వచ్చి నిలబడే నిద్రపోయే మనిషి, కోటి ఏం రాస్తాడు?

ఈసారి డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. సోమవారం రావాలి, ఇంకా వాయిదా వేస్తే చేసినా లాభం లేదు, ఆ కన్ను కూడా పోయినట్టే అంది. ఆ మాట విన్నప్పటినుంచి రేవతి రోజూ రాసే దానికి రెట్టింపు రాసింది. వేళ్లు వంకర్లు పోయాయి. బడిలో బోర్డు మీద సమీకరణం రాయబోయి శ్రీరామ అని రాస్తే పిల్లలు పడిపడి నవ్వారు. మొత్తానికి ఈ శుక్రవారం సాయంత్రానికి కోటి ముగింపుకు వచ్చింది. శనివారం పొద్దున పుస్తకాలన్నీ బండిలో వేసుకుని కొండగట్టు, సోమవారం కరీంనగర్. సన్నీ బండి మాట్లాడి పెట్టాడు.

అయితే ఆ సాయంత్రం బస్సులో కూర్చుని, ఇంకెన్ని పేజీలున్నాయో చూద్దామని రేవతి ఫోన్ తీసి కోటిని నూట ఎనిమిదితో భాగించింది. తొంభై రెండు వేల అయిదు వందల తొంభై రెండు పేజీలు వచ్చాయి. పక్కన చుక్క పెట్టి ఇంకేవో అంకెలు కూడా వచ్చాయి. అవి చూసి మళ్లీ వెనక్కి లెక్కవేసింది. శేషం అరవై నాలుగు. అంటే ఈ పూట రాయాల్సిన ఆ చివరి పేజీలో అరవై నాలుగు నామాలకే కోటి అయిపోతుంది. నలభై నాలుగు గళ్లు వట్టిగా మిగులుతాయి.

ఎంత సిగ్గుచేటు! రోజూ పిల్లల చెవుల్లో ఇల్లు కట్టుకుని, అంకెల మొత్తం మూడుతో పోతేనే సంఖ్య మూడుతో పోతుందని చెప్పే మనిషి. కోటి అంటే ఒకటి పక్కన ఏడు సున్నాలు. అంకెల మొత్తం ఒకటి. అది మూడుతోనే పోదు, నూట ఎనిమిదితో ఎట్లా పోతుంది? ఇన్నేళ్లుగా చేతిలో పట్టుకుని మోసిన సంఖ్యను ఒక్కసారి, ఒకే ఒక్కసారి తిప్పి చూడలేదు. చూసే ఓపిక ఏదీ?

ఇంటికి వచ్చేసరికి సమ్మవ్వ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, మంచం మీద పెళ్లికూతురిలా కూర్చుని ఉంది. రేవతి కుక్కర్ పెట్టలేదు. పీట మీద కూర్చుని, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పేసింది. చివరి పేజీ నిండదని, నలభై నాలుగు గళ్లు వట్టిగా ఉంటాయని.

సమ్మవ్వ గళ్లు వెతుకుతున్నట్టు పుస్తకం వైపు చెయ్యి చాపింది. తర్వాత మెల్లగా అంది.

"నువ్వు తిన్నవ్ పిల్లా."

"ఏం తిన్న అత్తా?"

"నామాలు తిన్నవ్. నాకు కండ్లు కానరావని నడుమ నడుమ గళ్లు ఇడిశిపెట్టినవ్. లేకపోతే ఎందుకు తక్కువవడ్తయి? కోటి నిండు లెక్క. నూటెనిమిది నిండు లెక్క. రెండు నిండు లెక్కలు ఒక్కతాన కలువకుంట ఎట్లుంటయి?"

రేవతికి కోపం నషాళానికి అంటింది. ఎన్ని సాయంత్రాలు! పుట్టింట్లో పెళ్లికి పోయి కూడా పేజీ నింపడానికి మధ్యలో లేచి వచ్చింది. ఇంతా చేసి దొంగ అనిపించుకుంది. పెన్ను పుస్తకం మీద పెట్టి లేచి నిలబడింది.

"నేను ఒక్క గడి ఇడువలే. ఇంత రాసినంక నన్ను దొంగను చేస్తున్నవా? నీ కోటి నువ్వే రాసుకో," అంది. అనేశాక, చీర కొంగు సర్దుకోవడానికి తడుముకుంటున్న ఆ ముసలి చెయ్యి చూసి మొహం తిప్పుకుంది.

లోపలి గదిలో పడుకున్న సన్నీ కేకలకు లేచి వచ్చాడు. సంగతి విని ఆవులించాడు.

"ఇంత చిన్నదానికి పరేషాన్ ఎందుకే? నలభై నాలుగు ఎక్కువ రాసెయ్. పేజీ నిండుతది. దేవుడేమన్న లెక్కవెట్టి వాపస్ చేస్తడా?"

"ఎక్కువ రాస్తవా?" సమ్మవ్వ గొంతు ఒక్కసారిగా లేచింది. "కోటి మీద ఒక్కటి రాస్తే రెండో కోటి సురూ అయినట్టే. సురూ చేసి నడుమ ఇడిశిపెడ్తవా? అంజన్నతోని ఆటనా? ఒకటి సురూ అయితే ఒడ్వాలె. ఒడిశే దాక ఈ ఇంట్లకెళ్లి నేను ఏ దవాఖానకు రాను."

"అవ్వా, సోమవారం..."

"సోమవారం లేదు, గీమవారం లేదు. గళ్లు వట్టిగ పెట్టి కొండెక్కను. ఎక్కువ రాసి కొండెక్కను."

సన్నీ భార్య వైపు చూశాడు. ఇద్దరికీ డాక్టరమ్మ మాటే చెవుల్లో ఉంది. నువ్వే ఏదో ఒకటి చెయ్యి అన్నట్టు చూసి, వరండాలోకి పోయి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మగవాళ్లకు అదొక వసతి.

రేవతికి ఏడవాలని ఉంది, కానీ దానికీ ఓపిక లేదు. నిలబడే ఆ రెండో కోటిని లెక్కవేసి చూసింది, అలవాటు కొద్దీ. రెండు కోట్ల దగ్గర చివరి పేజీలో ఇరవై గళ్లే నిండుతాయి. మూడు కోట్ల దగ్గర ఎనభై నాలుగు. అట్లా పోతూ పోతూ, పేజీ, కోటి రెండూ ఒక్క చోట ముగిసేది ఇరవై ఏడు కోట్ల దగ్గర. అత్త పంతం ప్రకారం పోతే ఇరవై ఏడు కోట్లు. ఒక్క కోటికే ఒక ఆడదాని కండ్లూ ఇంకో ఆడదాని నడుమూ పోయాయి. నవ్వొచ్చింది ఆమెకు. ఏడుపు లాంటి నవ్వు.

వంటింట్లోకి పోయి చింతగింజల డబ్బా తెచ్చింది. మంచం మీద సమ్మవ్వ ఎదురుగా కూర్చుని ఆమె చేతిని పట్టుకుంది. సమ్మవ్వ చేతిని లాక్కోబోయింది. రేవతి వదల్లేదు, అరచేతిలో గింజలు పోసింది.

"అత్తా, నన్ను దొంగ అను, ఊకుంట. కానీ ఒక్కసారి ఇవి పంచు. నువ్వే పంచు, నేను ముట్ట. పది గింజలున్నయి. ముగ్గురికి సమానంగ పెట్టు."

సమ్మవ్వ ముందు గింజలను గుప్పిట్లో బిగించింది. తర్వాత గింజలు తడుముతూ దుప్పటి మీద మూడు కుప్పలు పెట్టింది. మూడు, మూడు, మూడు. చేతిలో ఒకటి మిగిలింది.

"ఒకటి మిగిలింది," అంది ముభావంగా.

"ఇప్పుడు వంద అనుకో. వంద అంటే పది పదులు. ఒక్కో పదిల ఒకటి మిగుల్తది. అన్నీ కలిపితే ఎన్ని మిగిలినట్టు?"

"పది."

"ఆ పది మళ్ల పంచు."

సమ్మవ్వ వేళ్లు మళ్లీ కదిలాయి. పంచేముందే ఆమెకు తెలిసిపోయినట్టుంది, పెదవులు బిగించింది. "మళ్ల ఒకటే మిగుల్తది."

"వెయ్యి?"

"వెయ్యంటే పది వందలు. వందకొకటి... పది. మళ్ల పంచితే ఒకటే." సమ్మవ్వ మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. బజారులో తూకం వేసేవాడి చెయ్యి పట్టుకున్నప్పటి చురుకు. "అయితే లక్షకు గూడ ఒకటే. కోటికి గూడ..."

"ఒకటే అత్తా. ఎన్ని సున్నలు పెట్టినా ఒకటే మిగుల్తది. మరి నీ పేజీ చూడు. నూటెనిమిదిని ముగ్గురికి పంచితే తలా ముప్ఫై ఆరు, ఒక్కటి మిగలదు. ఒక పేజీ మిగలదు, లక్ష పేజీలైనా మిగలదు. నిండు పేజీలు ఎన్ని పెట్టినా సాఫుగ పోతది. కోటి పోదు. ఇంగ కోటి నిండు పేజీలల్ల ఎట్ల ఒడుస్తది చెప్పు? నేను తిన్నందుకు కాదు. నువ్వు మొదటి గడి రాసిన రోజే అది గట్లున్నది. నేను పుట్టకముందే గట్లున్నది."

సమ్మవ్వ గింజను వేళ్ల మధ్య నలుపుతూ కూర్చుంది. వరండాలో సన్నీ దగ్గు వినిపించింది, తండ్రి దగ్గులాగే. ఆమె అటు చెవి పెట్టి, మళ్లీ ఇటు తిరిగింది.

"నీ మీద మాటన్న," అంది చివరికి. "పాపం తగుల్తది నాకు."

"తగలదులే."

"తగుల్తది. ముసల్దాన్ని, ఏదో ఒకటి తగుల్తనే ఉంటది." గింజను కుప్పలో వేసింది. "నువ్వు చెప్పింది అర్థమైంది బిడ్డా. లెక్క తప్పు కాదు, నువ్వు తప్పు కాదు. కానీ ఆ గళ్లు వట్టిగనే ఉన్నయి గదా? ఒక్క పూట నిన్ను లేవనియ్యలే. జరమొచ్చినా లేవనియ్యలే, పేజీ నిండాలని. ఇయ్యాల ఆఖరుకు నేనే సగం పేజీ ఇడిశి ఎట్ల లేస్త?"

దానికి లెక్కల్లో జవాబు లేదు. రేవతి చెప్పగలిగింది చెప్పేసింది. గింజలు డబ్బాలో వేసి, "ముందు ఉన్నయి రాద్దాం అత్తా. ఆఖరుది నువ్వే రాయాలె గదా," అంది. మొక్కిన మనిషే ముగించాలని మొదటినుంచీ అనుకున్నదే. సోమవారం సంగతి ఎత్తే ధైర్యం ఆమెకు లేకపోయింది.

సమ్మవ్వ మంచం మీద సర్దుకుని కూర్చుంది. అలవాటైన నోరు దానంతట అదే పలకడం మొదలుపెట్టింది. రేవతి రాసింది. మొదటి వరస పోయింది, రెండో వరస పోయింది. ఎప్పుడూ పేజీ ఎప్పుడు నిండుతుందా అని చూసే రేవతి, ఆ రోజు గళ్లు అయిపోతుంటే భయపడింది. అరవై మూడో గడి దగ్గర ఆగింది.

"ఇంగ ఒక్కటే, అత్తా."

పుస్తకాన్ని ఎత్తి సమ్మవ్వ ఒడిలో పెట్టింది. పెన్ను ఆమె వేళ్ల మధ్య ఇరికించింది. ఎన్నో ఏళ్లుగా పెన్ను పట్టని చెయ్యి అది. పెన్ను మొన కాగితం మీద ఎక్కడ ఆనాలో తెలియక గాలిలో తిరుగుతోంది. రేవతి ఆ చెయ్యి పట్టుకుని, అరవై నాలుగో గడి మీదికి తెచ్చింది. బొటనవేలి గోరంత గడి. అందులో పట్టేట్టు రాయించాలంటే, బడిలో చిన్నపిల్లలకు చేసినట్టు చెయ్యి పట్టుకునే దిద్దించాలి. దిద్దిస్తే నామం గడిలోనే పడుతుంది. పక్కన నలభై నాలుగూ తెల్లగా మిగులుతాయి.

రేవతి చెయ్యి వదిలేసింది.

"రాయి అత్తా. నీకెట్లొస్తే గట్ల రాయి."

సమ్మవ్వ రాసింది. గడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆమెకు కనబడదు. శ్రీ మొదలుపెట్టి, వణుకుతూ, వంకర పోతూ, ఆ అంచు నుంచి ఈ అంచు దాకా గీతలన్నీ దాటుకుంటూ కిందికి లాగింది. రా దీర్ఘం పై వరసను ఆనుకుని తిరిగింది. మ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అలసి జారి, పేజీ అడుగు అంచు దాకా పోయి ఆగింది. ఒక్క నామం. రేవతి రాసిన అరవై మూడు చిన్న నామాల కింద, మిగిలిన గళ్లన్నిటి మీదా పరుచుకున్న ఒక్క పెద్ద నామం.

రేవతి ఒక్కో గడీ చూసుకుంటూ పోయింది. సిరా తగలని గడి లేదు. ఆమెకు కండ్లు మసకబారి మళ్లీ మొదటినుంచి చూడాల్సి వచ్చింది.

"ఏమాయె? గడి దాటి పోయిందా?" అంది సమ్మవ్వ భయంగా. "కరాబ్ చేసిన్నా?"

"దాటింది అత్తా. మొత్తం దాటింది. పేజీ నిండింది. ఒక్క గడి వట్టిగ లేదు."

"అబద్ధం చెప్పకు. కండ్లు లేని దానికి అబద్ధం చెప్తే కీడు."

"అంజన్న తోడు. కావాల్నంటే సన్నీని పిలుస్త, చూసి చెప్తడు."

సన్నీ పిలవకుండానే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వచ్చి వంగి చూసి, "నిండిందవ్వా," అన్నాడు.

సమ్మవ్వ అరచేతిని కాగితం మీద పెట్టబోయి, సిరా చెదురుతుందని వెనక్కి తీసుకుంది. "మరి లెక్క?"

"కోటి," అంది రేవతి. "ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు."

సమ్మవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంటూనే ఉంది. తర్వాత పెన్ను ఎటు ఇవ్వాలో తెలియక చెయ్యి చాపింది. రేవతి పెన్ను తీసుకుంది, చేతిని కూడా తీసుకుంది, తల వాల్చి సమ్మవ్వ మోకాలి మీద పెట్టింది. లేవాలని ఉంది. కుక్కర్ పెట్టాలి, పొద్దున్నే కొండకు బయలుదేరాలి. ఒంట్లో ఒక్క ఎముక కూడా మాట వినలేదు.

"రేవతీ," అంది సమ్మవ్వ ఆమె జుట్టు మీద చెయ్యి వేసి. "సోమవారం నాకు కన్ను వస్తే ముందుగాల నీ మొఖం చూస్త. గిన్నేండ్లు పక్కనే కూసుండవెట్టుకున్న, నీ మొఖం ఎట్లుంటదో మర్శిపోయిన."